నలుగురి బరువు

ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు మా మావయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. పెట్టి, లేవలేకపోయాడు. నర్సరీ గేటు పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాం, ఆయనా నేనూ. ఎదురుగా పూణే వెళ్ళాల్సిన లారీ వెనక తలుపు తెరిచి ఉంది. కుండీలు ఎత్తే జట్టువాళ్ళు తలకి తువ్వాళ్ళు చుట్టుకుంటున్నారు. మావయ్య ఒక చెయ్యి బెంచీ మీద, ఒక చెయ్యి నా భుజం మీద ఆనించి మళ్ళీ ప్రయత్నించాడు. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. "ఏంటి మేస్త్రీ, ఇంకో టీ చెప్పమంటావా?" అని జట్టులోంచి ఎవరో అడిగితే "చెప్పు తెగిందిరా" అన్నాడు. (ఆయన కాళ్ళకి చెప్పులు లేవు. ఎవరూ చూడలేదు.) మూడోసారికి లేచాడు. వెళ్ళి, లారీకి మొదటి కుండీ ఎత్తాడు. జట్టులో అది కట్టుబాటు. ప్రతి లారీకీ మొదటి కుండీ మేస్త్రి ఒక్కడే ఎత్తాలి, ఎత్తలేని రోజున అతను మేస్త్రి కాదు. పైకెత్తి, లారీ బల్ల మీద పెట్టి, ఊపిరి తీసుకుని, నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "మీ అమ్మకి చెప్పకు, అల్లుడూ. మీ అత్తకి అసలే చెప్పకు."

ఆ రోజుల్లో, అంటే ఇప్పటికి పద్నాలుగేళ్ళ కిందట, ఏ కష్టమైనా కాగితం మీద బొమ్మగా గీస్తే సగం తీరిపోయినట్టేనని నేను నమ్మేవాణ్ణి. రాజమండ్రిలో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, కనపడిన ప్రతి ఫ్యాక్టరీకీ అప్లికేషను పంపి, ఎక్కడినుంచీ పిలుపు రాక, కడియం దగ్గర ఒక నర్సరీలో సూపర్‌వైజరుగా చేరాను. సూపర్‌వైజరు అనే మాట ఓనరు గారు నా మీద జాలితో పెట్టింది. ఏ లారీలో ఏ మొక్కలు ఎక్కాయో రాసుకోవడం నా పని. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒక స్టీలు స్కేలు ఉండేవి. స్కేలు ఎందుకో నాకూ తెలియదు, మొక్కల్ని కొలవమని నన్నెవరూ అడగలేదు. మధ్యాహ్నం పూట గన్నేరు వరసల మధ్య కూర్చుని లైబ్రరీ పుస్తకాలు చదువుకునేవాణ్ణి. ఆ ఉద్యోగం ఇప్పించింది మావయ్యే. "మా అక్క కొడుకండి, చదువుకున్నాడండి, ఎండకి ఆగడండి, నీడలో ఏదైనా పని ఇవ్వండి" అని ఓనరు గారిని అడిగాడట. జట్టులో రేడియో అని ఒకడుండేవాడు. నిద్రలో తప్ప నోరు మూసేవాడు కాదు కాబట్టి ఆ పేరు. వాడు ఆ మాట విని, నేను చేరిన మొదటి రోజు నుంచీ నన్ను "నీడబాబు గారండి" అని పిలిచేవాడు. పది రోజుల్లో అందరికీ అదే నా పేరైంది.

ఆ ఏడే ఓనరు గారు ఒక చిన్న ట్రాక్టరు కొన్నారు. దానికి ముందువైపు మట్టి ఎత్తే తొట్టి ఉండేది. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు దానితో ఎత్తేవారు. అదే ఏడు విదేశాల నుంచి పెద్ద పెద్ద కుండీల మొక్కలు తెప్పించడం కూడా మొదలైంది. అవి పాలెట్ల మీద వచ్చేవి. పాలెట్ అంటే చెక్కలు కొట్టి చేసిన బల్ల, కింద రెండు సందులు ఉంటాయి. ఆ సందుల్లోకి రెండు ఇనప చేతులు దూర్చి సరుకు మొత్తం ఒకేసారి ఎత్తవచ్చు. ఆ చేతుల్ని ఫోర్కులంటారు. మా దగ్గర లేవు. జట్టువాళ్ళు పాలెట్ మీద కుండీలను ఒక్కొక్కటే గోనె పట్టాలోకి దించి, ఇద్దరిద్దరు పట్టుకుని మోసేవారు. ఖాళీ పాలెట్లు ఇళ్ళకి పట్టుకెళ్ళి పొయ్యిలో పెట్టుకునేవారు. మావయ్య లేవలేకపోయిన రోజు మధ్యాహ్నం నేను ఒక లారీ రసీదు వెనక బొమ్మ గీశాను. ట్రాక్టరు, తొట్టికి ముందు రెండు ఫోర్కులు, వాటి మీద పాలెట్. పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ ఒక మనిషిని కూడా గీశాను. అది మావయ్య. బరువు ట్రాక్టరు ఎత్తుతుంది, మేస్త్రి పక్కన నిలబడి ఇటు, అటు అని చెబుతాడు, జట్టు లారీలో సర్దుతుంది. ఆయన నడుము సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు, ఆయన మేస్త్రిగానే ఉంటాడు. ఇదీ నా పథకం. అందులో లోపం నాకు ఎంత వెతికినా కనపడలేదు.

బొమ్మ పట్టుకెళ్ళి ఓనరు గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "కంపెనీ ఫోర్కులు మన ట్రాక్టరుకి దొరకవన్నారయ్యా. నువ్వు చేస్తావా?" అన్నారు. "చేయిస్తానండి. కాని ఒక మాటండి, జట్టుని మాత్రం తగ్గించకూడదండి" అన్నాను. ఇరవై రెండేళ్ళవాడు షరతు పెట్టడం ఆయనకి ముచ్చటేసినట్టుంది. "జట్టు లేకపోతే లారీలో సర్దేదెవరయ్యా? మేస్త్రి ఎక్కడికి పోతాడు?" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ రోజుకి ఆయనకీ తెలియదు.

హైవే పక్కన రేకుల షెడ్డులో వెల్డింగు చేసే పెద్దాయన ఒకరుండేవారు. ఏం చెప్పినా "ఆయ్" అనేవారు కాబట్టి ఆయన పేరు ఆయ్ గారు. (అసలు పేరు షెడ్డు బోర్డు మీద ఉండేది, కాని దానికి అడ్డంగా ఎప్పుడూ ఎవరివో ఇంటి గేట్లు ఆనించి ఉండేవి.) నేను పాత ఇనుము కొట్టులో లారీ కమాను పట్టీలు ఏరుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. చక్రాలకి పైన లారీ బరువంతా ఆనేది వాటి మీదే. లారీనే మోసినవి నాలుగు కుండీలను మొయ్యలేవా అని నా తర్కం. పట్టీ కొంచెం వంపుగా ఉంటుంది, ఆ వంపు వల్ల పాలెట్ ముందుకి జారదు అని కూడా కనిపెట్టాను. "ఇవి ఫ్రేముకి అతికిస్తే ఆగుతాయా అండి?" అని అడిగాను. "ఆయ్" అన్నారు. "కమాను ఉక్కు చాలా గట్టిది కదండి?" "ఆయ్." "అతికిన చోట విరగదు కదండి?" ఈసారి ఆయన చేతిలో పని ఆపి, రోడ్డు మీద వెళ్ళే అరటి గెలల లారీని అది కనపడినంత దూరం చూసి, మెల్లగా "ఆయ్" అన్నారు. నేను నోటు పుస్తకంలో "వెల్డరుతో సంప్రదించడమైనది" అని రాసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం పరీక్ష పెట్టాం. ట్రాక్టరు నేనే నడిపాను. జట్టు ఎనిమిది మందీ వరసగా నిలబడ్డారు. మావయ్య నేను బొమ్మలో గీసిన చోటే, ట్రాక్టరుకి కుడివైపు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫోర్కులు పాలెట్ కింద దూరాయి. మోకాలి ఎత్తు లేచింది. నడుము ఎత్తు లేచింది. నాకు ఒళ్ళు పులకరించింది అని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది గాని, పులకరించింది. అప్పుడు టప్పుమని చప్పుడైంది. కుడి ఫోర్కు అతికిన చోట తెగిపోయింది, పాలెట్ ఒరిగింది, విదేశీ మొక్కలు నాలుగూ ఓనరు గారి మందార నారు మీద పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. రేడియో వచ్చి, తెగిన పట్టీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీడబాబు గారండి, ఇది లారీ కింద ఉన్నన్నాళ్ళూ బానే ఉందండి. మీరు చదువు చెప్పాకే ఇలా అయిపోయిందండి" అన్నాడు. మావయ్య నవ్వలేదు. "ఊరుకోరా. మావాడు మళ్ళీ చేస్తాడు" అన్నాడు.

మర్నాడు చర్చి అయ్యాక, తెల్ల చొక్కాతోనే షెడ్డుకి వెళ్ళి ఆయ్ గారిని నిలదీశాను. "ఆగుతుందా అంటే ఆయ్ అన్నారు కదండీ?"

"అన్నానండి."

"మరి విరిగిపోయిందండి."

"విరుగుద్దండి. కమాను ఉక్కుకి వెల్డింగు పడదండి. అతికినకాడే పెళుసైపోద్ది."

"మరి ఆయ్ అని ఎందుకన్నారండి?"

ఆయన నన్ను చూసిన చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. "మీరు చెప్పింది వింటున్నానని అన్నానండి. చదువుకున్నోరు, అంత దూరం ఇనుం మోసుకొచ్చారు, ఆగదని మొహం మీద చెబితే చిన్నబోతారు కదండి." ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి నేను. మా వైపు ఆయ్ అంటే విన్నాను అని, ఔను అని కాదు అనే సంగతి నాకు తెలియకపోవడమేమిటి? డిప్లొమా చదివిన మూడేళ్ళలో ఎక్కడో మర్చిపోయాను. "పోనీ ఏది ఆగుతుందో మీరే చెప్పండి" అన్నాను. ఆయన ఆ ప్రశ్న కోసమే వారం రోజులుగా ఎదురుచూస్తున్నట్టు వెంటనే చెప్పారు. "ఇనప ఛానలు తెచ్చుకోండి, కాలవలా ఉంటది చూడండి, అది. రెండేసి ముక్కలు ఎదురెదురుగా పెట్టి అతికితే నాలుగుపలకల గొట్టం అవుద్ది. కొస ఏటవాలుగా కోసి అరగదీస్తే సందులోకి దూరుద్ది. అది ఆగుద్దండి."

"ఖాయమేనా అండి?"

"ఆగుద్దన్నానండి. ఆయ్ అన్లేదు చూడండి."

ఛానలు ఫోర్కులు తయారయ్యాయి. వెనక యాంగిల్ ఇనుముతో ఫ్రేము, తొట్టి అంచుకి తగిలించడానికి రెండు కొక్కేలు, జారకుండా గొలుసు. పాలెట్ సందుల మధ్య దూరం నేను స్టీలు స్కేలుతో కొలిచి ఇచ్చాను. రెండో పరీక్షలో ఫోర్కులు వంగలేదు, విరగలేదు. లేచింది ట్రాక్టరు. ముందు బరువు ఎక్కువై వెనక చక్రాలు రెండూ నేల వదిలాయి. నేను సీట్లోంచి ముందుకి జారి, స్టీరింగుని కావిలించుకుని, ఏ లివరు లాగాలో మర్చిపోయి కూర్చున్నాను. అందరికంటే ముందు పరిగెత్తింది మావయ్య. వెనక ఉన్న కమ్మీ పట్టుకుని వేలాడి, "పట్టుకోండ్రా" అన్నాడు. ఇంకో ముగ్గురు వచ్చి వేలాడారు. ట్రాక్టరు మెల్లగా కింద కూర్చుంది. నేను కిందికి దిగగానే మావయ్య నా చెవిలో "వేలాడితే నడుముకి హాయిగా ఉందిరా అల్లుడూ" అన్నాడు. ఓనరు గారు దూరం నుంచి అంతా చూశారు. "నలుగురు ఎక్కితే సరిపోతోంది కదయ్యా. అలాగే కానిద్దాం" అన్నారు.

అలాగే కానిచ్చాం. ట్రాక్టరు వెనక ఒక చెక్క బిగించాం. పాలెట్ ఎత్తేటప్పుడల్లా నలుగురు ఆ చెక్క ఎక్కి, కమ్మీ పట్టుకుని నిలబడేవారు. దించాక దిగేవారు. మొదటి కుండీ మేస్త్రి ఎత్తాలనే కట్టుబాటు ఏమవ్వాలి అని జట్టులో చర్చ వచ్చింది. మేస్త్రి మొదట చెక్క ఎక్కితే చాలు, అదే ఎత్తినట్టు అని తీర్మానించారు. మావయ్య ప్రతి లారీకీ మొదట చెక్క ఎక్కేవాడు. అంత తీరుబడిగా ఆయన పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు. దారిలో పోయేవాళ్ళు ఆగి చూసి నవ్వేవారు. రేడియోకి నెల రోజులు పండగే. "ఇన్నాళ్ళూ బరువు మోశాం. ఇప్పుడు మనమే బరువు. అన్నం బాగా తినండ్రా, సన్నబడితే ఉద్యోగం పోద్ది" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. నేను ఇంకొంచెం ఎక్కువ నవ్వేవాణ్ణి. బొమ్మలో మనిషి పక్కన నిలబడ్డాడు, ఇక్కడ వెనక నిలబడ్డాడు, అంతే కదా తేడా అనుకునేవాణ్ణి.

ఒక ఉదయం ఓనరు గారు నన్ను పిలిచి, "ఆ వెనక ఎక్కే నలుగురూ కలిపి ఎంత బరువుంటారయ్యా?" అని అడిగారు. తెలియదండి అనవచ్చు. కాని మూడేళ్ళ డిప్లొమాలో, ఏడాది ఉద్యోగంలో, నన్ను ఇంత స్పష్టమైన ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎరువుల బస్తాలు తూచే కాటా మీద నలుగురినీ నిలబెట్టాను. నవ్వుతూ ఎక్కారు. రేడియో అయితే తన అసలు బరువే రావాలని మొలలోంచి పొగాకు పొట్లం తీసి పక్కన పెట్టాడు. మావయ్య యాభై ఎనిమిది కిలోలు. ఇంతేనా అని నేను అనుకున్న మాట గుర్తుంది. కాగితం మీద కూడి, కింద రెండు గీతలు గీసి, "రెండు వందల నలభై ఆరు కిలోలండి" అని చెప్పాను. అక్కడితో ఆగినా బాగుండేది. "కాని ఆ బరువుని ఇంకా వెనక్కి జరిపి తగిలిస్తే అంత అక్కర్లేదండి, తక్కువతో సరిపోతుంది" అని ఎవరూ అడక్కుండానే వివరించాను. ఓనరు గారు మెచ్చుకోలుగా చూశారు. "అయితే ఒక డ్రమ్ములో కాంక్రీటు పోసి తగిలిస్తే పోలా?"

డ్రమ్ము నేనే తెచ్చాను. ఇనప కొక్కెం నేనే నిలబెట్టాను. ఇసుక, కంకర, సిమెంటు పాళ్ళు నేనే చెప్పాను. కాంక్రీటు గట్టిపడాలంటే వారం రోజులు తడపాలి. మూడో రోజు తడుపుతుండగా నేను చేస్తున్నదేమిటో నాకు అర్థమైంది. నాలుగో రోజు కూడా తడిపాను. ఏడు రోజులూ తడిపాను.

డ్రమ్ము తగిలించిన రోజు మావయ్య వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. అరచేత్తో తట్టాడు. "బాగా కుదిరిందిరా. దీనికి నడుం నొప్పి కూడా రాదు" అన్నాడు. ఇక పాలెట్లు తిన్నగా లారీలోకే వెళ్ళేవి. సర్దడానికి ఇద్దరు చాలన్నారు, వయసులో చిన్నవాళ్ళిద్దరిని ఉంచారు. నేను ఓనరు గారి దగ్గరికి వెళ్ళి, జట్టుని తగ్గించనన్నారు కదండీ అని అడిగాను. "నేను తగ్గించలేదయ్యా, పని తగ్గింది" అన్నారు. ఆయన మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ముగ్గురు తాపీ పనికి పోయారు. ఇద్దరు కాకినాడ రేవుకి వెళ్ళారు. రేడియో హైదరాబాదులో ఏదో అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా వెళ్ళాడు, రాత్రంతా మెలకువగా ఉండటం వాడికి ఇబ్బంది కాదనుకుంటాను గాని మాట్లాడటానికి మనిషి ఉండడు. మావయ్యని మొక్కలకి పైపుతో నీళ్ళు పట్టే పనిలో, ఆడకూలీలతో పాటు పెట్టారు. మేస్త్రి అని పిలవడం రెండు మూడు వారాలు సాగింది. తర్వాత ఎవరూ పిలవలేదు. దేనికి మేస్త్రి అని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు.

ఆయన నడుము మాత్రం బాగుపడింది. ఆ మాట దాచకూడదు. క్రిస్మస్ ఆరాధనలో మోకాళ్ళ మీద నుంచి దేన్నీ పట్టుకోకుండా లేచాడు. మా అత్త బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "నీ చేత దేవుడే చేయించాడు నాయనా. రాత్రిళ్ళు మూలగడం మానేశారు" అంది. అంటే ఆవిడకి మొదటి నుంచీ తెలుసు. ఆ వారమే ఒక మధ్యాహ్నం, నర్సరీలో పైపు చుడుతున్న ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. "నీ కోసమే చేశాను మావయ్యా" అని ఒక్కటే వచ్చింది.

ఆయన పైపు చుట్టడం ఆపలేదు. "ఆయ్" అన్నాడు.

నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. నేను పుట్టి బుద్ధెరిగాక ఆయన నాతో ఆ మాట అనడం అదే మొదలు. అది ఓనరు గారికి, పాస్టరు గారికి, బస్సు కండక్టరుకి చెప్పే మాట. తర్వాత ఎప్పుడూ నన్ను తిట్టలేదు, మా ఇంటికి రావడం మానలేదు, నా పెళ్ళిలో అందరికంటే ముందు నిలబడ్డాడు. కాని ఆ ఒక్క రోజు ఆయన విన్నానని మాత్రమే చెప్పాడు.

నేను ఆ ఏడాది చివర్లో నర్సరీ మానేశాను. ఇప్పుడు ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెబుతున్నాను. పిల్లలు యంత్రం పక్కన ఒక మనిషి బొమ్మ గీస్తే, ఇతను ఏం పని చేస్తాడు అని అడుగుతాను. యంత్రం ఎంత పెద్దదో తెలియడానికి గీశాం సార్ అంటారు. సరే అంటాను. రెండు పెన్నులు, స్టీలు స్కేలు జేబులో పెట్టుకుని ఏడు రోజులు డ్రమ్ముకి నీళ్ళు పోసిన ఆ కుర్రాడు గుర్తొస్తే ఈమధ్య కోపం రావడం తగ్గింది, కొంచెం నవ్వు కూడా వస్తోంది. వాడు లెక్క తప్పు చెప్పలేదు. తప్పు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో వాడికి తెలియదు, అంతే. ఆయ్ గారి వెల్డింగు పదేళ్ళు ఆగిందని విన్నాను.

మావయ్య మొన్న వానాకాలంలో పోయాడు. గుండె ఆగింది, నడుముకి సంబంధం లేదు. మా పేటలో ఎవరు పోయినా చర్చి నుంచి కాలవ గట్టు వెంట సమాధుల దొడ్డి దాకా పెట్టెని మోసేది ఆ జట్టే. అడుగులు కలిపి, కుదుపు లేకుండా నడవడం వాళ్ళకి తెలుసు, ఇంకెవరికీ తెలియదు. తలవైపు కుడి మూల ఎప్పుడూ మావయ్యది. ఆయన్ని మొయ్యాల్సిన రోజున జట్టులోంచి ముగ్గురు వచ్చారు, అందులో ఒకరి చేతిలో కర్ర ఉంది. రేడియో ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రాజమండ్రి నుంచి వ్యాను పిలిపించింది నేనే. అందులో కింద చిన్న చక్రాలుంటాయి, ఒక్క మనిషి నెడితే పెట్టె లోపలికి వెళ్ళిపోతుంది. మా పేటలో ఇప్పుడు పెట్టెని భుజాల మీద మొయ్యరు.